రాముడి పేరు చెప్పి అడివికి పోదాం

చెల్లీ, ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. "నలుగురం ఆడవాళ్ళం కలిసి అడివికి పోయి, డేరాలో పడుకుని, గుట్టలెక్కి వస్తాం" అని ఇంట్లో అంటే ఏమంటారు? మా ఇంట్లో అయితే అత్తమ్మ ముందు టీవీ సౌండు తగ్గిస్తుంది. ఆ తర్వాత మీ బావ మొహంలోకి చూస్తుంది. మీ బావ ఫోనులోకి చూస్తాడు. అదే "భద్రాచలం పోయొస్తాం" అని చూడు. "పోయి రండమ్మా, నా పేరున కూడా అర్చన చేయించండి" అని కొంగుముడి విప్పి నోటు తీసిస్తుంది. అడిగేవాళ్ళు లేరు, ఆపేవాళ్ళు లేరు.

ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. మన అమ్మల కాలం నుంచీ ఇక్కడి ఆడవాళ్ళు మగతోడు లేకుండా పోవడానికి ఒప్పుదల ఉన్న దూరం అదే. తెల్లారి బస్సు, గోదావరి స్నానం, దర్శనం, పులిహోర, చీకటి పడేలోగా ఇల్లు. అసలు అడివి మొదలయ్యేది మాత్రం ఆ గుడి మెట్లు దిగి ఊరు దాటాక. అక్కడిదాకా పోయి, వెనక్కి తిరిగి వచ్చేస్తున్నాం ఇన్నేళ్ళుగా.

నాకు తట్టిన ఉపాయం ఏందంటే, రామాయణం భద్రాచలంలో ఆగదు గదా! ఊరు దాటగానే ఏటపాక, జటాయువు పడిపోయిన చోటు అంటారు. ఎగువన దుమ్ముగూడెం పక్కన పర్ణశాల, సీతమ్మ కాపురమున్న చోటు. చింతూరు దగ్గర అడ్డమొచ్చే నది పేరే శబరి. ఘాటు ఎక్కి మారేడుమిల్లి పోతే ఆ పక్కన వాలమూరులో వాలి సుగ్రీవులు కొట్టుకున్నారని చెప్పే కొండ. ఇవన్నీ స్థలపురాణాలే, చరిత్ర పుస్తకాలు కావు. మనకు కావాల్సింది కూడా చరిత్ర కాదు, సెలవు. అత్తమ్మ దగ్గర ఈ పేర్లన్నీ వరసగా చదివితే ఆమె అడ్డు చెప్పే ఊరు ఒక్కటీ లేదు. ఇంత తిప్పలు మగవాళ్ళకు లేవు, వాళ్ళు తాళంచెవి తీసుకుని "వస్తా" అంటారంతే. ఆ కోపం నాకూ ఉంది. కోపం తీరేదాకా ఇంట్లో కూర్చోవడం కంటే రాముణ్ణి అడ్డం పెట్టుకుని పోవడం మేలనిపించింది.

మేం పోయింది మా ఆడబిడ్డ కారులో. నడిపింది ఆమే. వెనక సీట్లో మా తోడికోడలు, పిన్ని. తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా పోతే మొదట్లో అంతా మిరప, పత్తి. ఆ తర్వాత రోడ్డు పక్కన నిలువుగా, వరసలుగా పచ్చటి చెట్లు వస్తాయి. హైదరాబాదు చుట్టాలు అక్కడే కారాపి "అబ్బ, అడివి!" అని ఫొటోలు దిగుతారు. అది అడివి కాదే, జామాయిల్ తోట. గోదావరి ఒడ్డున సారపాకలో ఐటీసీ పేపరు మిల్లు ఉంది గదా, దానికి కర్ర పోయేది ఇలాంటి తోటల నుంచే. గుర్తుపట్టడం సులువు. చెట్టు కింద చూడు. జామాయిల్ కింద ఎండాకు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. అడివిలో చెట్టు కింద చెట్టు, దాని కింద పొద, పొద మీద తీగ, ఆ తీగ ఇంకో చెట్టెక్కి ఉంటుంది. లోపలికి నాలుగు అడుగుల చూపు కూడా పోదు.

కొత్తగూడెంలో బొగ్గు లారీలు, సింగరేణి క్వార్టర్లు. రైలు స్టేషను పేరు "భద్రాచలం రోడ్". అసలు భద్రాచలం అక్కణ్ణుంచి ఇంకో 40 కిలోమీటర్లు. రైల్లో వచ్చే స్నేహితురాళ్ళకు ముందే చెప్పు, దిగి గుడి ఎటు అని అడుగుతారు. పాల్వంచలో చిన్నప్పుడు దూరం నుంచి లెక్కపెట్టుకునేవాళ్ళం చూడు, కేటీపీఎస్ కరెంటు స్టేషను పాత కూలింగ్ టవర్లు, ఆ ఎనిమిదింటినీ 2024లో కూల్చేశారు. ఇప్పుడు ఆ వైపు చూస్తే ఆకాశం బోడిగా ఉంది.

పాల్వంచ నుంచి పక్కకు తిరిగితే కిన్నెరసాని. మిగతా ఎక్కడ తొందరపడినా ఇక్కడ పడొద్దు. డ్యాము మీద నిలబడి చూస్తే నీళ్ళ మధ్యలో దీవులు, వాటి వెనక వరసలుగా గుట్టలు. చుట్టూ ఉన్న అడివిని 1977లో అభయారణ్యంగా ప్రకటించారు, 635 చదరపు కిలోమీటర్లు. జింకల పార్కు ఉంది, బోటు ఉంది. నీళ్ళలో మొసళ్ళు కూడా ఉన్నాయి, కాళ్ళు తడుపుకుందామని ఒడ్డుకు దిగొద్దు.

మా పిన్ని తెలుగు టీచరు చేసి రిటైరైంది. డ్యాము గట్టు మీద కూర్చుని విశ్వనాథ సత్యనారాయణ గారి "కిన్నెరసాని పాటలు" కథ చెప్పింది. అత్త పెట్టే బాధ పడలేక కోడలు ఇల్లు వదిలి అడివిలోకి పరుగెత్తుతుంది. మొగుడు వెనకాలే వచ్చి పట్టుకునేసరికి ఆమె అతని చేతుల్లోనే కరిగి వాగై పోతుంది. అతను అక్కడే ఏడ్చి ఏడ్చి రాయైపోతాడు. స్కూల్లో మార్కుల కోసం చదివినప్పుడు నాకు వాగు అందమే గుర్తుంది. గట్టు మీద విన్నప్పుడు మాత్రం నలుగురం ఒకే చోట ఆగాం. ఎవరికీ చెప్పకుండా ఒక్కతే అడివికి పోయిన కోడలు ఆమె. పోయింది గానీ తిరిగి రాలేదు. మా తోడికోడలు అంది, "ఆ అత్త ఒక్క రోజు పుట్టింటికి పంపి ఉంటే ఈ వాగు ఉండేది కాదు, పాల్వంచకు నీళ్ళూ ఉండేవి కావు" అని. పిన్ని నవ్వలేక, కోప్పడలేక కళ్ళజోడు తుడుచుకుంది.

సాయంత్రానికి గోదావరి వంతెన మీదికి వస్తాం. భద్రాచలం గురించి నీకు కొత్తగా చెప్పేదేముంది, నేలకొండపల్లి కంచర్ల గోపన్న, పాల్వంచ తహసీల్దారు ఉద్యోగం, తానీషా, గోల్కొండ చెరసాల, అందరికీ తెలిసిందే. ఒక్క మనిషిని మాత్రం తలుచుకో. ఆ విగ్రహాలను మొదట చూసింది పోకల దమ్మక్క అనే ఆదివాసీ స్త్రీ అంటారు. అడివిలో తిరిగే మనిషి కాబట్టే ఆమెకు కనపడ్డాడు రాముడు. పందిరి వేసి, పండో కాయో పెట్టి పూజ చేసింది. గుడి కట్టిన గోపన్నకు పేరొచ్చింది, రావాల్సిందే. కానీ నలుగురు ఆడవాళ్ళు అడివికి పోతామంటే ఎందుకు, ఏముందక్కడ అని అడిగేవాళ్ళకు దమ్మక్క కథ ఒకటి చెప్పి ఊరుకోవచ్చు.

స్నానఘట్టం దగ్గర నీటిమట్టం కొలిచే గుర్తులు చూడు. 43 అడుగులు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3. ఆ నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఊళ్ళో ఏ దుకాణం ఆయన్ని అడిగినా గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు. అందుకే చెబుతున్నా, పచ్చదనం బాగుంటుందని జూలై, ఆగస్టుల్లో బయల్దేరొద్దు. భద్రాచలం దాటాక రోడ్లు మునుగుతాయి. గోదావరి పొంగితే కూనవరం దగ్గర కలిసే శబరి ముందుకు పోలేక వెనక్కి ఎగదన్ని చింతూరు మీద పడుతుంది. 2022లో అదే జరిగింది. దసరా వెళ్ళాక వాగులు ఇంకా పారుతూ ఉంటాయి, ఆకాశం తేటగా ఉంటుంది, అప్పుడు పో.

రాత్రికి భద్రాచలంలోనే ఉండు. పొద్దున దర్శనం చేసుకుని, ఆ ఫొటో ఇంటి గ్రూపులో పెట్టేసెయ్. ఆ ఒక్క ఫొటోతో రెండు రోజుల దాకా ఫోను మోగదు. ఎవరైనా చేసినా ఆ పైన సిగ్నల్ ఉండదులే.

పర్ణశాల ఎగువకు, మనం పోయే దారికి ఎదురు వైపు, 30 కిలోమీటర్ల పైమాట. పోతే ఒక పూట పడుతుంది. సీతమ్మ చీర ఆరేసుకుందని ఒక రాతి మీద చారలు చూపిస్తారు, పిల్లలకు ముచ్చట. నాకైతే ఆ ఊరి పక్కన గోదావరి ఒడ్డే ఎక్కువ నచ్చింది. దుమ్ముగూడెం దగ్గర ఇంగ్లీషువాళ్ళ కాలపు పాత ఆనకట్ట ఉంది. పడవలు ఎగువకు పోవాలని కట్టింది.

ఇక దిగువకు. ఊరు దాటీ దాటకముందే ఆంధ్రప్రదేశ్. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలను, కొన్ని పూర్తిగా, కొన్ని సగంగా, అటు కలిపారు. భద్రాచలం ఊరు మాత్రం ఇటు మిగిలింది. గుడి తెలంగాణలో, గుడి పక్క పంచాయతీలు ఆంధ్రలో. ఆ పంచాయతీలవాళ్ళు జ్వరమొస్తే భద్రాచలం ఆసుపత్రికే వస్తారు, సంతకం కోసం ఆంధ్ర ఆఫీసులకు పోతారు. వాళ్ళలో చాలామంది మళ్ళీ ఇటు కలపమని అడుగుతూనే ఉన్నారు. మనకు ఇది బోర్డు మారడమే గానీ వాళ్ళకు రోజూ బతుకు. పోలవరం పూర్తి మట్టం 45.72 మీటర్లు. అంతదాకా నీళ్ళు నిలిపితే శబరి, గోదావరి ఒడ్డు ఊళ్ళు చాలా మునుగుతాయి. కూనవరం, వరరామచంద్రాపురం దారిలో ముచ్చటగా కనపడే పెంకుటిళ్ళు, చింతచెట్లు చూసి "ఎంత బాగుందో" అనబోయి నోరు మూసుకున్నాం. ఆ ఇంటి ముందు కూర్చున్నామెకు ఆ మాట ఎలా వినిపిస్తుంది!

పాపికొండలు చూడాలంటే ఈ దారిలోనే పోచవరం రేవుకు పోవాలి. కొండల మధ్య గోదావరి సన్నబడి, మలుపు మలుపుకీ ముందు దారి మూసుకుపోయినట్టు కనపడుతుంది. "గోదావరి" సినిమాలో చూశావు, దాన్ని నేను చెప్పలేను. బోటు ఎక్కేముందు లైఫ్ జాకెట్టు చేతికిస్తారు, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చోకు, తొడుక్కో, నాడాలు బిగించు. ఫొటోలో చీర కనపడదని తీసేసే అక్కలను చూశాను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద నీటిలో బోటు మునిగి ఎంతమంది పోయారో మరిచిపోయే సంగతి కాదు. నది ఎర్రగా, పొంగుమీద ఉంటే టిక్కెట్టు డబ్బులు పోయినా సరే వెనక్కి రా.

ఇప్పుడు ఘాటు రోడ్డు. చింతూరు దగ్గర దారులు చీలిపోతాయి. ఒకటి కుంట మీదుగా ఛత్తీస్‌గఢ్‌కు, ఒకటి మారేడుమిల్లికి. పెట్రోలు ఇక్కడే నిండుగా పోయించు. తులసిపాక దాటినాక కొండ మొదలవుతుంది. మా ఆడబిడ్డ నేర్చుకున్న తీరు చెబుతా, ఆమె దిగేటప్పుడు కూడా ఎక్కిన గేరులోనే దిగుతుంది. బ్రేకు మీద కాలు పెట్టి పెట్టి దిగితే వేడెక్కి వాసనొస్తుంది, ఆ తర్వాత పట్టదు. ప్రతి మలుపులో హారన్. ఎదురుగా లారీ వస్తే వెడల్పున్న చోట మనమే ఆగాలి, దానికి వెనక్కి పోయే వీలుండదు. ఎట్టి పరిస్థితుల్లో మధ్యాహ్నం మూడు దాటాక చింతూరు వదలొద్దు. అడివిలో పొద్దు గూకడం ఊళ్ళో గూకినట్టు కాదు, కొండ వెనక్కి సూర్యుడు పోగానే చీకటే. పోలీసులు ఆపుతారు, ఎక్కడినుంచి ఎక్కడికి అని అడుగుతారు. ఆధార్ కార్డు చూపించి నెమ్మదిగా చెబితే సరిపోతుంది. "ఆడవాళ్ళే వచ్చారా?" అని మాత్రం ప్రతివాడూ అడుగుతాడు. పిన్ని ఒకాయనకు చెప్పింది, "అవును బాబూ, మగవాళ్ళను ఇంటి దగ్గర కాపలా పెట్టొచ్చాం" అని.

కారు దిగి నడవకపోతే ఈ దారికి వచ్చి దండగ. మారేడుమిల్లి చుట్టుపక్కల జలతరంగిణి, అమృతధార అని జలపాతాలున్నాయి. చింతూరు నుంచి పక్కకు మోతుగూడెం వైపు పోతే పొల్లూరు జలపాతం, అక్కడే సీలేరు నీళ్ళతో నడిచే కరెంటు స్టేషను. ఏదీ హిమాలయం ఎక్కినట్టు ఉండదు, మోకాళ్ళు సరిగా ఉన్న మనిషి ఎవరైనా నడవగలరు. కానీ రాళ్ళు పాచిపట్టి ఉంటాయి. చెప్పులతో వద్దు, పట్టున్న బూట్లు వేసుకో. చీర మంచిదే గానీ ముళ్ళకంప వదలదు, చుడీదారే నయం. చున్నీ నడుముకు చుట్టుకో.

దారిలో అడివి మనిషిని అడిగి తెలుసుకుంటేనే కనపడే సంగతులు కొన్ని ఉన్నాయి. మాతో నడిచినామె కొండరెడ్ల పిల్ల, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. ఒక చెట్టు దగ్గర ఆగి బెరడు చూపించింది. నల్లమద్ది. బెరడంతా పలకలు పలకలుగా పగిలి అచ్చం మొసలి వీపే. చేత్తో తడిమితే గరుకు, పలకల మధ్య సందులో వేలి కొన దూరుతుంది. ఎండాకాలం కోసం ఈ చెట్టు కాండంలో నీళ్ళు దాచుకుంటుందట. కొండవాళ్ళకు ఎప్పటినుంచో తెలిసిన సంగతి. 2024 మార్చిలో పాపికొండల జాతీయ పార్కులో అటవీశాఖవాళ్ళు ఇలాంటి చెట్టుకే గాటు పెట్టి చూస్తే నీళ్ళు ధారగా దూకాయి, ఆ వీడియో ఊరంతా తిరిగింది. అది చూసి కత్తి పట్టుకుని బయల్దేరే వీరులుంటారు. గాటు పెట్టిన చెట్టు బతకాలంటే తంటా. చూసి, తడిమి, రా.

దూలగొండి మాత్రం తడమొద్దు! శీతాకాలంలో ఎండిన కాయలు తీగ మీద వేలాడుతుంటాయి, పైన గోధుమరంగు నూగు. చూడ్డానికి మెత్తగా, ముద్దుగా ఉంటుంది. మా తోడికోడలు భుజం తగిలీ తగలకముందే ఎగిరి గంతేసింది. గోకే కొద్దీ ఆ నూగు పాకుతుంది. గోకకుండా ఆ బట్ట విప్పి మార్చుకోవడమే పని. సంచిలో ఒక జత పైన పెట్టుకోమనేది అందుకే.

ఆ పిల్ల మాకంటే ముందు నడుస్తూ, మధ్యలో ఆగి మా కోసం చూస్తూ, మళ్ళీ నడిచేది. మాకు ఆయాసం, ఆమెకు మాటలు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో, మార్చి ఏప్రిల్‌లో, తెల్లారకముందే బుట్టలు పట్టుకుని పోతారట. రాత్రంతా రాలిన పువ్వును ఎండెక్కకముందు ఏరాలి, ఆలస్యమైతే జింకలు, ఎలుగుబంట్లు తినేస్తాయి. చెట్టు కింద ఆకు ఊడ్చి శుభ్రం చేసుకుంటారు. కొందరు తగలబెడతారు, ఆ నిప్పు పాకితే అడివి అంటుకుంటుంది, ఊళ్ళో పెద్దలే తిడతారట. ఆ వెంటనే తునికాకు. లేత ఆకు కోసి, యాభై ఆకులకు ఒక కట్ట, నారతో కట్టి, కల్లంలో ఎండబెట్టి లెక్క అప్పజెప్పాలి. బీడీలకు పోయే ఆకు అది. మండుటెండలో వంగి, లేచి, వంగి. మనం డబ్బు కట్టి, బూట్లు కొనుక్కుని, నీళ్ళ సీసాలు మోసుకుని చేసే నడకను వాళ్ళు నెత్తిన మోపుతో చేస్తారు. నాకు సిగ్గేమీ అనిపించలేదు, ఉన్నమాట చెబుతున్నా. కాకపోతే సంతలో ఆ ఆడవాళ్ళ దగ్గర కొండచీపురు, చింతపండు, కుంకుళ్ళు కొన్నప్పుడు మా పిన్ని బేరమాడబోతే ముగ్గురం ఒకేసారి ఆమె చెయ్యి పట్టుకున్నాం.

దారిపక్క గుడిసెల్లో పిల్లలు కనపడితే ఫోను తీయకు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం గొడవలకు తట్టుకోలేక ప్రాణాలు అరచేత పట్టుకుని ఇటు వచ్చి అడివిలో ఊళ్ళు వేసుకున్న గొత్తికోయలు చాలామంది ఉన్నారు. పోడు భూమి తగాదాలు, అటవీశాఖతో పేచీలు, అదంతా ఇంకా తెగలేదు. మన అడివి ముచ్చటకు వాళ్ళ గుడిసె బొమ్మ అక్కర్లేదు.

ఇక పడక. డేరా కారులో వేసుకుపోయి నచ్చినచోట పాతుకుందామనుకోకు. అభయారణ్యంలోకి, జాతీయ పార్కులోకి అనుమతి లేకుండా పోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఎలుగుబంటి వచ్చే చోట అరటిపండ్లు, బిర్యానీ డబ్బా పెట్టుకుని పడుకుంటామా? మారేడుమిల్లి దగ్గర అటవీశాఖ వసతులున్నాయి, వాలమూరులో జంగిల్ స్టార్ ఉంది. వాలి సుగ్రీవుల కొండ అని చెప్పింది అదే. ముందు మాట్లాడుకుని, గది గానీ డేరా గానీ చెప్పించుకుని పో. శని, ఆదివారాలు వద్దు. "పుష్ప" షూటింగు ఇక్కడ జరిగిందగ్గర్నుంచి కుర్రకారు బైకులేసుకుని వస్తారు, సీసాలు, డీజేలు. మంగళవారం, బుధవారం పో, వాగు చప్పుడు వినపడుతుంది.

గది చూపించగానే మంచం చూడకు, ముందు బాత్రూము గడియ చూడు. మేము దారిలో ఆగిన ఒకచోట గడియ లేదు, మేకు ఉంది, మేకుకు తాడు ఉంది. ఇద్దరు వంతులేసుకుని తలుపు పట్టుకున్నాం. టార్చి, చిన్న తాళం, దోమలకు పూసుకునే మందు, సబ్బు మరవకు. దోమల మాట తేలిగ్గా తీసుకోవద్దు, ఏజెన్సీ మలేరియా మాట నీకు తెలియంది కాదు. వచ్చాక పది పదిహేను రోజుల్లో చలిజ్వరం వస్తే డాక్టరుకు "మారేడుమిల్లి పోయొచ్చాను" అని మొదటే చెప్పు.

ఇంకోటి, నెలసరి. గుడి తేదీ చూసుకుని బయల్దేరతాం గానీ, అది మన మాట వింటుందా? మాలో ఒకరికి భద్రాచలంలో దర్శనం అయిన సాయంత్రమే వచ్చింది. ఇంటికి పోదామా అంది. ఎందుకే, అడివికి ఆ లెక్క లేదు గదా! వాడినవి కాగితంలో చుట్టి, కవరులో వేసి కారులోనే వెనక్కి తెచ్చుకోవాలి, వాగులో గానీ పొదలో గానీ వేయకూడదు, అంతే. నడిచేటప్పుడు నడుము పట్టేస్తే కూర్చుంది, లేచింది, నడిచింది. ఇంట్లో ఉంటే గదిలో ఒక మూల పడుకునేదాన్ని, ఇక్కడ మర్చిపోయాను అని ఆమే అంది.

రాత్రి బొంగులో చికెన్. హైదరాబాదులో హోటళ్ళలో కూడా పెడుతున్నారు, కానీ ఇక్కడ చేస్తుంటే చూడాలి. పచ్చి వెదురు బొంగు, ఒక వైపు కణుపు ఉండేలా కోస్తారు, ఆ కణుపే గిన్నెకు అడుగు. కోడిముక్కలకు ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి బొంగులోకి కూరతారు. నూనె చుక్క కూడా వెయ్యరు. మూతికి ఆకులు మడిచి బిగిస్తారు. కట్టెల మంట మీద ఏటవాలుగా పెట్టి, చేత్తో తిప్పుతూ ఉండాలి. బొంగు పచ్చరంగు పోయి, పసుపై, నల్లబడుతుంది. వెదురులో తడి ఆవిరై ముక్కను ఉడికిస్తుంది, మాంసంలోని కొవ్వే నూనె. దించే వేళ ఎలా తెలుస్తుందని అడిగితే "వాసన మారుతుంది" అంది చేసేది. మాకు ఏ మార్పూ తెలియలేదు గానీ ఆమె తెరిచేసరికి ముక్క ఎముక నుంచి జారిపోతోంది. పిన్ని శాకాహారి. ఆమెకు అదే బొంగులో బియ్యం వండి పెట్టారు. ఆ అన్నం మాకూ ఒక ముద్ద పెట్టకుండా తింది.

మంట చుట్టూ కూర్చుని ఏం మాట్లాడుకున్నామో అంతా ఇక్కడ రాయను. మా ఆడబిడ్డ పెళ్ళై పన్నెండేళ్ళలో ఆ ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోని మాట ఒకటి చెప్పింది. ఆమె వదినను నేను, ఆమె ఊళ్ళోనే ఉంటాను, ఎప్పుడూ అడగలేదు. వంటింట్లో మాట్లాడబోతే కుక్కరు విజిలేస్తుంది, లేకపోతే ఎవరో మంచినీళ్ళు అడుగుతారు. ఇక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. చలికి దుప్పటి మెడదాకా లాక్కుని నిద్రొచ్చేదాకా మాట్లాడుకున్నాం.

ఇంత దూరం మొదటిసారే ఎందుకు అనుకుంటే, ఖమ్మానికి దగ్గర్లో కనకగిరి గుట్టలున్నాయి. చండ్రుగొండ వైపు నుంచి ఒక దారి, పెనుబల్లి వైపు పులిగుండాల చెరువు నుంచి ఒక దారి. అది కూడా అటవీశాఖ అడివే, ముందు వాళ్ళకు చెప్పి, వాళ్ళ మనిషిని తోడు తీసుకునే ఎక్కాలి. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చెయ్యొచ్చు, గుట్ట మీద పాత గుడి కూడా ఉంది కాబట్టి ఇంట్లో చెప్పుకోవడానికీ ఇబ్బంది లేదు. ఒక పూట నడిచి చూడు. మర్నాడు మెట్లు దిగేటప్పుడు పిక్కలు ఎంత పట్టేస్తాయో తెలిస్తే, మారేడుమిల్లికి ఎన్ని రోజులు సెలవు పెట్టాలో లెక్క తేలుతుంది. కార్తీకం వనభోజనాల పేరు ఉండనే ఉంది, ఈసారి ఆ పేరు చెప్పు.